కవులను పోషించిన పురము – వేములవాడ

పురాతన పట్టణములను దర్శించుట విద్యలో ఒక భాగము. పుస్తకమునందు చదివిన రాజుల పేర్లు కొలదికాలమునకు మఱపునకు వచ్చును. ఆ రాజు కట్టించిన గుడిమెట్టుపై కాలుమోపిన వానికి మాత్రము ఆ పేరు మఱపునకు రాదు. అందుచేతనే దేశదేశముల వారును వ్యయప్రయాసల కోర్చి ప్రాచీనపురములకు యాత్రలు చేయుచుందురు.

ఐరోపాఖండమునందలి ఇటలీ దేశము ఇట్టి యాత్రలకు ప్రసిద్ధి చెందినది. అచ్చటి గుట్టలపై సియెనా, అస్సీసి, ఉర్బీనో మొదలగు చిన్న పట్టణములు కలవు. వానిలో ఉర్బీనో కథ మిక్కిలి వింతయైనది. క్రీ.శ. 1444 మొదలు 1482 వఱకు దాని నేలిన ఫెడెరీకో ప్రభువు పెద్ద రాజ్యమునకు అధిపతి కాడు. ఇతరరాజుల పక్షమున యుద్ధములు చేసి, అందువలన వచ్చిన ధనముతో జీవించిన సేనాని. అయినను ఆతడు తన చిన్న పురమునందు సుందరమైన రాజసౌధమును నిర్మించెను, గొప్ప గ్రంథాలయమును కూర్చెను, చిత్రకారులను పోషించెను. ఆతడు గతించిన మఱుసటి సంవత్సరమున, అనగా 1483లో, జగత్ప్రసిద్ధ చిత్రకారుడగు రాఫెయేలు ఆ ఊరనే జన్మించెను. కళలు వర్ధిల్లుటకు రాజ్యవిస్తీర్ణము ముఖ్యము కాదనుటకు ఉర్బీనో నిదర్శనము.

ఇట్టి నిదర్శనము తెలుగునేలపై అంతకు అయిదు వందల ఏండ్లకు పూర్వమే వెలసినది. అదియే వేములవాడ. ఇచ్చటి ప్రభువులును సామంతులే. వీరును ఒరులకొఱకు యుద్ధములు చేసినవారే. వీరి కొలువునను విద్వత్కవులు నిలిచిరి. నేడు లక్షలాది భక్తులు రాజన్నను దర్శింప ఈ ఊరికి వచ్చుచున్నారు. కాని తాము నడచు నేల ఒకప్పుడు రాజధానియనియు, ఒక భాషకు ఆదికవి యగువాడు సంచరించిన చోటనియు ఎఱిగినవారు వారిలో తక్కువ.

వేములవాడ తెలంగాణమందు మూలవాగు ఒడ్డున నున్నది. కరీంనగరమునకు పడమటగా, సిరిసిల్లకు చేరువలో నున్న ఈ పట్టణము 2016లో ఏర్పడిన రాజన్న సిరిసిల్ల జిల్లాకు చెందినది. ఆ జిల్లా పేరునందలి ‘రాజన్న’ ఈ ఊరి దేవుడగు రాజరాజేశ్వరస్వామియే. ప్రాచీనశాసనములందు దీనికి లేంబులవాటకము, లేంబులపాటకము అను పేర్లు కానవచ్చుచున్నవి. ఆ నామమే కాలక్రమమున వేములవాడగా మాఱినదని చరిత్రకారులు నిర్ణయించిరి.

ఎనిమిదవ శతాబ్దమునుండి పదవ శతాబ్దమువఱకు ఈ ప్రాంతము నేలినవారు వేములవాడ చాళుక్యులు. బాదామి చాళుక్యులను జయించి దక్కనునకు ప్రభువులైన రాష్ట్రకూటులకు వీరు సామంతులు. వీరి దేశమునకు సపాదలక్షమని పేరు. ‘సపాదలక్ష’ మనగా లక్షయు, దానిలో పావువంతును. అనగా లక్షా యిరువదియైదు వేలు. వీరి మొదటి రాజధాని పోదనము. నిజామాబాదు జిల్లాయందలి నేటి బోధను పట్టణమే అది. మొదటి యుద్ధమల్లుడు అచ్చట ఒక బావిని నూనెతో నింపించి తన యేనుగులకు అందు స్నానము చేయించెనని కవులు వర్ణించిరి. ఇందు అతిశయోక్తి యుండవచ్చును. అయినను ఆనాటి గజబలము ఎట్టిదో దీనివలన ఊహింపవచ్చును.

ఈ వంశమున బద్దెగుడను రాజు నలువదిరెండు యుద్ధములు చేసి ‘సోలదగండ’డని బిరుదు పొందెను. ‘ఓటమి నెఱుగని వీరుడు’ అని ఆ కన్నడపదమునకు అర్థము. వేంగీదేశాధీశుడగు చాళుక్య భీముని ఆతడు బంధించెనని చెప్పుదురు. ఆతని మనుమడగు నరసింహుడు రాష్ట్రకూట చక్రవర్తి మూడవ ఇంద్రుని వెంట ఉత్తరదేశమునకు దండు వెడలి, కనోజు నేలుచుండిన ప్రతీహార రాజును ఓడించిన సైన్యమునకు నాయకుడై, తన గుఱ్ఱములకు గంగాజలముల స్నానము చేయించెను. మూలవాగు నీరు త్రాగిన గుఱ్ఱములు గంగానదిని చూచి వచ్చినవన్నమాట.

నరసింహుని కుమారుడు రెండవ అరికేసరి. వేములవాడ కీర్తి ఈతని కాలమున శిఖరము నందుకొన్నది. శరణన్న వానిని విడువనివాడని ఈతనికి పేరు. రాష్ట్రకూట చక్రవర్తి నాలుగవ గోవిందుని ఆగ్రహమునకు గుఱియైన ఒక చాళుక్య ప్రముఖుడు అరికేసరిని ఆశ్రయించెను. చక్రవర్తికి వెఱచి ఆతని నప్పగించిన పక్షమున అరికేసరి సింహాసనమునకు ముప్పు లేకుండెడిది. ఆతడట్లు చేయలేదు. తుదకు సామంతులందఱు ఏకమై గోవిందుని తొలగించి వేఱొకనిని చక్రవర్తిగా చేసిరి. వారిలో అరికేసరి ముఖ్యుడు.

ఇట్టి రాజునకు తగిన కవి లభించెను. ఆతడే పంపకవి. పంపని పూర్వులు వేంగీమండలమునకు చెందిన బ్రాహ్మణులు. ఆతని తండ్రి భీమపయ్య జైనమతమును స్వీకరించెను. క్రీ.శ. 902లో జన్మించిన పంపడు అరికేసరి కొలువున కవిగా మాత్రమే కాక యోధుడుగా కూడ వెలసెను. ఆతడు 941లో ‘ఆదిపురాణము’ అను జైనకావ్యమును పూర్తిచేసెను. భారతకథను ‘విక్రమార్జున విజయము’ అను పేర రచించెను. ఈ రెండవ కావ్యమునందు ఆతడొక విశేషము చేసెను. కథానాయకుడగు అర్జునుని తన ప్రభువగు అరికేసరితో అభేదముగా వర్ణించెను. అందువలన ఆ గ్రంథము భారతకథ యగుటయే కాక వేములవాడ రాజవంశచరిత్ర కూడ నైనది. పైన చెప్పిన యుద్ధవార్తలలో పెక్కు పంపని వలననే లోకమునకు తెలిసినవి. ఆతని కావ్యములు కన్నడభాషలోనివి. కన్నడిగులు ఆతనిని ఆదికవియని కొనియాడుదురు. పొన్న రన్నలతో కూర్చి రత్నత్రయ మందురు. కర్ణాటక ప్రభుత్వము 1987 నుండి ఆతని పేర సాహిత్యపురస్కారము నొసగుచున్నది. అట్టి మహాకవి జీవితమున ప్రధానభాగము తెలుగునేలపై గడచుట గమనింపదగిన విషయము. ఆనాడు భాషలనడుమ గోడలు లేవు.

ఇందుకు సాక్ష్యము కాగితముపై కాక కొండపై నున్నది. కరీంనగరము నుండి జగిత్యాలకు పోవు మార్గమున గంగాధర అను గ్రామము కలదు. దానికి సమీపమున కురిక్యాల యొద్ద ఒక రాతిగుట్టపై చక్రేశ్వరీదేవి విగ్రహమును, జినుల విగ్రహములును చెక్కబడి యున్నవి. ఆ బొమ్మల వలననే ప్రజలు దానిని బొమ్మలగుట్ట యందురు. అచ్చటనే పదునొకండు పంక్తుల శాసనమొకటి కలదు. దానిని వ్రాయించినవాడు పంపని తమ్ముడగు జినవల్లభుడు. కాలము క్రీ.శ. 945 ప్రాంతము. అందు సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలు కలవు. పంపని ఊరు, వంశము, తల్లిదండ్రులను గూర్చిన వార్తలు ఇందు లభించుచున్నవి. జినవల్లభుడు త్రిభువనతిలకమను జైనాలయమును కట్టించెననియు, ‘కవితాగుణార్ణవ’మను చెఱువును, మదనవిలాసమను తోటను ఏర్పఱచెననియు ఇందు కలదు. కవితాగుణార్ణవుడనునది పంపని బిరుదము. అన్నగారి బిరుదమును చెఱువునకు పెట్టిన తమ్ముని ప్రేమ ఎంత చల్లనిదో చూడుడు!

ఆ శాసనము చివర మూడు కందపద్యములు తెలుగున నున్నవి. నన్నయభట్టారకుడు రాజమహేంద్రవరమున భారతరచన చేసినది పదునొకండవ శతాబ్దమున. జినవల్లభుని కందములు అంతకు సుమారు నూఱేండ్లు ముందటివి. తెలుగు శాసనములందు పద్యము అంతకు ముందును లేకపోలేదు. 848 నాటి పండరంగని అద్దంకి శాసనమున తరువోజయు, యుద్ధమల్లుని బెజవాడ శాసనమున మధ్యాక్కరయు కలవు. కాని లభించిన శాసనములలో తొలి కందపద్యములు బొమ్మలగుట్టవేయని పండితుల అభిప్రాయము. కందము వ్రాయనివాడు కవి కాడని మనవారి సామెత. ఆ కందమునకు శిలారూపమున నిలిచిన తొలి సాక్ష్యము ఈ గుట్టపై నున్నది. తెలుగు, కన్నడ భాషలు రెంటికిని 2008లో ఒకేసారి ప్రాచీనభాషా ప్రతిపత్తి లభించినది. ఆ రెండు భాషలవారును తమదిగా చెప్పుకొనదగిన శిల ఈ బొమ్మలగుట్ట.

శాసనములను చదువు పద్ధతి ఎట్టిదో తెలిసికొనుట మంచిది. వెయ్యేండ్ల ఎండవానలకు అక్షరములు అరిగిపోయి కంటికి స్పష్టముగా కనబడవు. కావున శాసన పరిశోధకులు మొదట శిలను నీటితో కడిగి, బ్రష్షుతో మట్టిని తొలగింతురు. పిమ్మట తడిపిన కాగితమును దానిపై పఱచి, మరల బ్రష్షుతో మెల్లగా కొట్టుదురు. అప్పుడు కాగితము అక్షరముల గుంటలలోనికి దిగును. అది కొంచెము ఆఱిన తరువాత సిరాలో అద్దిన గుడ్డయుండతో పైపైన అద్దుదురు. గుంటలలోని కాగితమునకు సిరా అంటదు. అందుచేత నల్లని నేలపై తెల్లని అక్షరములు తేలివచ్చును. ఇట్లు తీసిన ప్రతిని ఇంటికి కొనిపోయి తీరికగా చదువుదురు. శాసనములందలి కాలము సాధారణముగా శకవర్షములలో నుండును. దానికి 78 కలిపినచో క్రీస్తుశకము లభించును.

ఉదాహరణమునకు, జైనపండితుడగు సోమదేవసూరి తన ‘యశస్తిలక’ చంపువును శకవర్షము 881లో ముగించితినని చెప్పుకొనెను. 78 కలుపగా అది క్రీ.శ. 959 అగును. ఆ గ్రంథము పూర్తియైన చోటు గంగాధర. ఆనాటి ప్రభువు అరికేసరి కుమారుడగు వాగరాజు. ‘నీతివాక్యామృత’మను రాజనీతిగ్రంథము కూడ సోమదేవునిదే. పంపడు కన్నడమున, సోమదేవుడు సంస్కృతమున, జినవల్లభుడు మూడు భాషలందు, ఒక్క రాజ్యమున ఒక్క తరమునందే రచనలు చేసిరి.

ఈ సోమదేవునికి సంబంధించిన రాగిఱేకుల శాసనమొకటి మహారాష్ట్రమునందలి పర్భణిలో దొరకినది. దాని కాలము శకవర్షము 888, అనగా క్రీ.శ. 966. రెండవ బద్దెగుడు వేములవాడలో శుభధామ జినాలయమను జైనమందిరమును కట్టించెను. ఆతని కుమారుడగు మూడవ అరికేసరి ఆ మందిరముకొఱకు ఒక గ్రామమును సోమదేవునకు దానము చేసెను. ఆ గ్రామపు ఆదాయముతో పూజానైవేద్యములు జరుపుటయే కాక, గోడలు పగిలినచో బాగుచేయవలెననియు, క్రొత్తగా సున్నము వేయవలెననియు శాసనమునందు కలదు. గుడి కట్టించుటతో తమ పని ముగిసినదని ఆ రాజులు తలంపలేదు. కట్టినది నిలుచుటకు ఏటేట ఏదియో చేయవలసి యుండునని వారెఱుగుదురు. 973లో రాష్ట్రకూటుల ప్రభుత్వము కూలెను. దానితో వేములవాడ చాళుక్యుల పేరును చరిత్రనుండి మఱుగైనది. శుభధామ జినాలయము ఆ పేరుతో నేడు నిలిచిలేదు. జైనశిల్పములు మాత్రము ఈ పరిసరములందు అచ్చటచ్చట కానవచ్చుచున్నవి.

వేములవాడ ఆలయములలో చరిత్రదృష్ట్యా భీమేశ్వరాలయము ముఖ్యమైనది. ప్రాచీనముగా దీనికి బద్దెగేశ్వరమని పేరు. బద్దెగుడు కట్టించుటచే ఆ పేరు కలిగినది. దక్కను ప్రాంతపు ప్రాచీనదేవాలయములను చూచునప్పుడు ఒక క్రమమును పాటించిన ప్రయోజన ముండును. మొదట మండపము, అచ్చట స్తంభములను, వానిపై కప్పును మోయు దూలములను చూడవలెను. తరువాత అంతరాళము, ఇది మండపమునకును గర్భగృహమునకును నడుమనుండు ఇఱుకు భాగము. కడపట గర్భగృహము. వెలుతురు గల చోటునుండి చీకటిగల చోటునకు, విశాలమునుండి ఇఱుకునకు భక్తుడు నడచును. చూపు చెదరక దైవముపై నిలుచుటకే స్థపతులు ఈ పద్ధతి నేర్పఱచిరి. ఇట్టి కట్టడములందు రాతికిని రాతికిని నడుమ సున్నము తఱచుగా నుండదు. ఒక శిల బరువు మఱియొక శిలను కదలకుండ పట్టియుంచును. కావున ఒక రాయిని తొలగించినను, క్రొత్త బరువును మోపినను కట్టడ మంతటికిని హాని కలుగవచ్చును.

రాజరాజేశ్వరాలయము ఈ ఊరికి ప్రాణము. గర్భగృహమున స్వామికి కుడివైపున రాజరాజేశ్వరీదేవియు, ఎడమవైపున లక్ష్మీసహిత సిద్ధివినాయకుడును కలరు. ఆలయము చెంత ధర్మగుండ మను కోనేరు కలదు. పరీక్షిత్తు మనుమడగు నరేంద్రుడు ఈ గుండమున స్నానమాడి పాపవిముక్తుడయ్యెనని స్థలపురాణము. ఇచ్చటి మ్రొక్కులలో కోడెమ్రొక్కు విశేషమైనది. మ్రొక్కుకొన్న రైతు కోడెను పట్టుకొని గుడిచుట్టు త్రిప్పి కట్టివేయును. వ్యవసాయమే జీవనముగా గల ప్రజలు తమకు అత్యంతప్రియమైన పశువును దేవునికి సమర్పించుట ఇందలి భావము. మహాశివరాత్రికి ఇచ్చట గొప్ప జాతర జరుగును. మేడారమునకు పోవు భక్తులు ముందుగా రాజన్నను దర్శించి పోవుట ఆచారము. ఈ ఆలయప్రాంగణమున ఒక దర్గా చిరకాలముగా నుండుచు వచ్చినది. హిందువులును ముసల్మానులును ఒకే ఆవరణమున మ్రొక్కులు చెల్లించుకొను ఈ దృశ్యము దూరదేశీయులకు ఆశ్చర్యము గొల్పును. ఊరివారికి అది నిత్యవ్యవహారము.

వేములవాడ పేరు వినగానే తెలుగువారికి స్మరణకు వచ్చు మఱియొకడు వేములవాడ భీమకవి. ఆతడు తిట్టిన తిట్టు తగులుననియు, దీవించిన దీవెన ఫలించుననియు కథలు పెక్కు కలవు. ఆతని ఊరు ఇదియే యని కొందఱును, గోదావరీతీరపు వేములవాడ యని కొందఱును వాదింతురు. ‘కవిజనాశ్రయ’మను ఛందోగ్రంథమును కొందఱు ఆతనికిని, కొందఱు మల్లియ రేచనకును ఆరోపింతురు. వాదము తేలకున్నను, వేములవాడ అన్నంతనే కవిత్వము తలపునకు వచ్చుట ఈ పేరునకు దక్కిన గౌరవము.

ఈ క్షేత్రమునకు వచ్చినవారు పరిసరములను కూడ చూడవలెను. సిరిసిల్ల నేతపనివారి పట్టణము. ఒకప్పుడు చేమగ్గములు ఆడిన వీథులలో నేడు స్థానికులు సాంచాలని పిలుచు మరమగ్గముల చప్పుడు వినవచ్చును. 2017 నుండి కొన్ని సంవత్సరములు ప్రభుత్వము పంచిపెట్టిన బతుకమ్మ చీరెలను ఇచ్చటి నేతకార్మికులు నేసిరి. జగిత్యాలయందు పదునెనిమిదవ శతాబ్దపు కోట కలదు. ఐరోపా పద్ధతిని నక్షత్రాకారమున కట్టిన ఆ కోట చుట్టును కందకము, బురుజులపై ఫిరంగులు కలవు. గోదావరి ఒడ్డున ధర్మపురి నరసింహక్షేత్రము; పాఠశాలలందు చదువు నరసింహశతకమును రచించిన శేషప్పకవి అచ్చటివాడే. కరీంనగరమున వెండితీగలను వెండ్రుకలవలె సన్నగా లాగి, అల్లి, పెట్టెలుగాను, పళ్ళెములుగాను చేయు కంసాలులు కలరు. ఇన్ని కళలు ఒక్క దినపు ప్రయాణమున చూడదగినంత దగ్గఱగా నుండుట ఈ సీమ భాగ్యము.

ఐనను ఈ సంపదకు ప్రమాదములు లేకపోలేదు. కరీంనగరము చుట్టునుగల గుట్టలు మేలైన గ్రానైటు రాతికి ప్రసిద్ధములు. మందుగుండుతో గుట్టలను పగులగొట్టి రాతిని దూరదేశములకు పంపుచుందురు. వెయ్యేండ్ల అక్షరములుగల శిలకును, అక్షరములు లేని శిలకును మందుగుండు భేదమెఱుగదు. చేరువ గుట్టలో ప్రేలుడు జరిగినను ఆ అదటునకు ప్రాతశిల బీటలు వాఱవచ్చును. ఇక గుడులయందు జరుగు హాని వేఱువిధమైనది. అది భక్తివలననే కలుగును. శిల్పములపై రంగులు పూయుదురు. శాసనములపై నూనెయు కుంకుమయు రుద్దుదురు. ప్రాతబండలు తీసి పలకఱాళ్ళు పఱతురు. భక్తుల సంఖ్య పెరుగుచున్నది కావున వసతులును పెరుగవలసినదే. రాజరాజేశ్వరాలయ విస్తరణమునకు 2024లో శంకుస్థాపన జరిగినది. వచ్చినవారికి చోటు కావలెను. ఉన్న శిలకు రక్షణ కావలెను. ఈ రెంటిని పొందుపఱచుటయే నేటితరము ముందున్న కఠినసమస్య.

ఇటలీలోని అస్సీసి పట్టణమున జరిగిన సంగతి దీనికి సంబంధించి జ్ఞాపకముంచుకొనదగినది. 1997 సెప్టెంబరు 26న అచ్చట భూకంపము వచ్చెను. సెయింటు ఫ్రాన్సిసు దేవాలయపు పైకప్పు కొంతభాగము కూలి, రాత్రి కలిగిన నష్టమును పరిశీలించుచుండిన నలుగురు మరణించిరి. ఏడువందల ఏండ్లనాటి కుడ్యచిత్రములు ముక్కలై నేల రాలెను. ఆ ధూళిని ఊడ్చి పాఱవేయక, జల్లించి, లక్షకు పైబడిన ముక్కలను ఏఱి, రంగును బట్టియు ఆకారమును బట్టియు ఒక్కొక్క దానినే కూర్చుచు నిపుణులు ఆ చిత్రములను సాధ్యమైనంతవఱకు మరల నిలిపిరి. దేవాలయము 1999లో తిరిగి తెఱువబడెను. గోరంత ముక్కను కూడ పాఱవేయని ఆ శ్రద్ధ వలననే ఆ పట్టణము నేటికిని యాత్రికుల నాకర్షించుచున్నది.

విద్యార్థులు చేయదగిన పని ఇందు చాల కలదు. తమ ఊరి చెఱువుకట్టపై గాని, పొలము గట్టున గాని, గుడి వాకిట గాని వ్రాతగల బండ కనబడినచో దానిపై పేర్లు చెక్కరాదు, రంగు పూయరాదు, చోటు మార్చరాదు. ఉపాధ్యాయునికి తెలుపవలెను. ఆతడు పురావస్తుశాఖవారికి తెలుపును. ఇట్టి బండలు చాకిరేవులయందును, పశువుల కొట్టములయందును పడియుండగా గ్రామస్థులు చూచి చెప్పుటచే వెలుగునకు వచ్చిన సందర్భములు తెలుగుదేశమున పెక్కు కలవు.

అరికేసరి సైన్యము నేడు లేదు. సపాదలక్ష రాజ్యమునకు ఎల్లలు కూడ తెలియవు. జినవల్లభుని మూడు కందములు మాత్రము బొమ్మలగుట్టపై నిలిచియున్నవి. గోడ పగిలినచో బాగుచేయవలెనని రాగిఱేకుపై వ్రాయించిన రాజు ఆ పనికి ఒక ఊరి ఆదాయమునే విడిచిపెట్టెను. ఆ శిలల నుండి జీవించుచున్న తరము వానికై విడువవలసినది అంత పెద్దది కాదు. కొంచెము శ్రద్ధ మాత్రమే.